దేశాలన్నీ ఒక్కమాట మీదికి వస్తాయా? ఏసీ మెకానిక్‌గా నేను చూసింది

ప్రశ్న: వాతావరణ మార్పును అడ్డుకోవాలంటే ప్రపంచ దేశాలన్నీ కలవాలి అంటారు. కృష్ణా నీళ్ల దగ్గర రెండు రాష్ట్రాలే ఒప్పుకోలేకపోతుంటే, దాదాపు రెండు వందల దేశాలు ఒక మాట మీదికి రావడం జరిగే పనేనా? ఇప్పటిదాకా ఎప్పుడైనా వచ్చాయా?

జవాబు:

వచ్చాయి. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ రెండూ నా చేతి పనిలోకే వచ్చి పడ్డాయి కాబట్టి రాస్తున్నాను.

నేను ఏసీ మెకానిక్‌ని. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చేసి, హైదరాబాద్‌లో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, మా జగిత్యాల వైపు చాలామందిలాగే గల్ఫ్ వెళ్లాను. షార్జాలో, తర్వాత దుబాయ్‌లో చాలా ఏళ్లు చేసి, ఇప్పుడు నిజామాబాద్‌లో సొంత షాపు నడుపుతున్నాను. వాతావరణ సదస్సుల మీద పెద్దవాళ్లు రాసే వ్యాసాల్లో మా పని గురించి ఒక్క ముక్క ఉండదు. నా దృష్టిలో మాత్రం దేశాలు నిజంగా కలిసి ఏదైనా సాధించాయంటే అది ఫ్రిజ్, ఏసీ గ్యాస్ విషయంలోనే.

పని నేర్చుకునే రోజుల్లో షాపుకి వచ్చే పాత ఫ్రిజ్‌లన్నిటిలో ఆర్-12 గ్యాసే ఉండేది. తెల్ల సిలిండర్‌లో వచ్చేది. అంటుకోదు, విషం కాదు. పైపు ఎక్కడైనా అతకాలంటే ముందు ఉన్న గ్యాసంతా బయటికి వదిలెయ్యమనేవాడు మేస్త్రీ. గాలిలో కలిసిపోయేదానికి భయమెందుకు అని ఆయన లెక్క. ఆయనొక్కడే కాదు, అప్పట్లో ఏ దేశం మెకానిక్‌ని అడిగినా అదే చెప్పేవాడు. కొన్నాళ్లకు ఆర్-12 రేటు పెరగసాగింది. కొత్త ఫ్రిజ్‌ల వెనక ఆర్-134ఏ అనే స్టిక్కర్ కనబడటం మొదలైంది. దాని సిలిండర్ లేత నీలం. కంప్రెసర్‌లో పోసే ఆయిల్ కూడా వేరే. ఇదంతా కంపెనీలు రేట్లు పెంచుకోవడానికి ఆడుతున్న నాటకమని బజారులో అందరూ అనుకునేవాళ్లు.

అసలు సంగతి ఏమిటంటే, ఆర్-12 సీఎఫ్‌సీ రకం గ్యాస్. ఇది పైకి, ఓజోన్ పొర దాకా చేరాక ఎండకు విడిపోయి క్లోరిన్ వదులుతుందని, ఆ క్లోరిన్ ఓజోన్‌ని తినేస్తుందని 1974లో మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. 1985లో అంటార్కిటికాలో పనిచేస్తున్న బ్రిటిష్ శాస్త్రవేత్తలు అక్కడ ఓజోన్ ఎంత పలచబడిందో కొలిచి చూపించారు. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే, 1987 సెప్టెంబరు 16న, కెనడాలోని మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. అప్పుడు సంతకం పెట్టింది రెండు డజన్ల దేశాలే. ఇప్పుడు అందులో లేని దేశం లేదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ రెండు డజన్లకీ అన్ని దేశాలకీ మధ్య ఉంది. మొదట్లో భారత్ చేరలేదు, చైనా చేరలేదు. మనవాళ్ల వాదనలో తప్పేం లేదు. ఆ గ్యాసు దశాబ్దాలుగా వాడి పాడుచేసింది వాళ్లు, మన ఇళ్లకు ఫ్రిజ్‌లు అప్పుడప్పుడే వస్తున్నాయి, ఇప్పుడు మానెయ్యమంటే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? 1990లో లండన్‌లో ఒప్పందాన్ని తిరగరాసేటప్పుడు మన పర్యావరణ మంత్రి మేనకా గాంధీ. డబ్బు సంగతి తేల్చకుండా మేం రామని మన దేశం, చైనా గట్టిగా కూర్చున్నాయి. దాంతో ఒక ఉమ్మడి నిధి పెట్టారు. పాత గ్యాసు నుంచి కొత్తదానికి మారడానికి ఒక ఫ్యాక్టరీకి అదనంగా ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, ఆ తేడా ఆ నిధి నుంచి ఇస్తారు. దాన్ని నడిపే కమిటీలో 14 దేశాలుంటాయి. 7 ధనిక దేశాలు, 7 మనలాంటివి. రెండు వైపులా ఒప్పుకోకుండా ఒక్క రూపాయి కదలదు. 1992లో మనం చేరిపోయాం.

ఇంకో రెండు మెలికలు కూడా పెట్టారు. ధనిక దేశాలు సీఎఫ్‌సీలు 1996కల్లా ఆపాలి, మనలాంటి దేశాలకు 2010 దాకా గడువు. పని ఒక్కటే, తేదీలు వేరు. రెండో మెలిక, ఒప్పందంలో లేని దేశంతో సభ్య దేశాలు ఆ గ్యాసుల వ్యాపారం చెయ్యకూడదు. బయట ఉండిపోతే సరుకు కొనేవాడూ ఉండడు, అమ్మేవాడూ ఉండడు. దీనికి తోడు సీఎఫ్‌సీలు ఎక్కువగా తయారుచేసే డ్యూపాంట్ లాంటి కంపెనీలకు బదులు గ్యాసుల్లో కొత్త వ్యాపారం కనబడింది. అందుకే మొదట్లో అడ్డుపడ్డ వాళ్లే తర్వాత మెత్తబడ్డారు.

ఓజోన్ మీద ప్రేమతో ఎవరూ రాలేదని నా అభిప్రాయం. రాకపోతే నష్టం, వస్తే ఖర్చుకి సాయం అన్నట్టు లెక్క తయారుచేశారు కాబట్టి వచ్చారు. ఇలా అంటే కొందరికి చేదుగా ఉంటుందేమో గానీ నాకు ఇందులో ధైర్యం కనబడుతుంది. మనసులు కలిసేదాకా ఆగాలంటే ఎప్పటికీ కాదు కదా.

ఓజోన్ కథకీ వాతావరణ మార్పుకీ సంబంధమేమిటని అడగొచ్చు. ఈ గ్యాసులు వేడిని కూడా పట్టి ఉంచుతాయి. ఒక కిలో ఆర్-12 గాలిలోకి పోతే, వందేళ్ల లెక్కన దాదాపు 10,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పని చేస్తుంది. కాబట్టి దాన్ని ఆపినప్పుడే భూమి వేడెక్కడం కూడా కొంత ఆగింది. 1997లో వాతావరణం కోసమే రాసుకున్న క్యోటో ఒప్పందం పెట్టుకున్న లక్ష్యం కన్నా ఈ ఓజోన్ ఒప్పందమే ఎక్కువ తగ్గించిందని తర్వాత శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు.

అయితే ఇందులోనే చిక్కు ఉంది. బదులుగా తెచ్చిన కొత్త గ్యాసులు, అంటే హెచ్‌ఎఫ్‌సీలు, ఓజోన్‌ని ముట్టుకోవు గానీ వేడి విషయంలో మంచివి కావు. పాత ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-22 కిలోకి సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైతే, దాని స్థానంలోకి వచ్చిన ఆర్-410ఏ దాదాపు 2,100. ఓజోన్‌ని కాపాడబోయి ఇంకో వైపు భారం పెంచినట్టయింది.

ఈ 410ఏతో నాకు బాగా పరిచయమైంది గల్ఫ్‌లోనే. గులాబీ రంగు సిలిండర్. ప్రెషర్ ఆర్-22 కన్నా ఒకటిన్నర రెట్లు పైనే. పాత గేజులు, పాత హోస్ పైపులు పనికిరావు. పైపులు కలిపే ఫ్లేర్ నట్ కాస్త అటూ ఇటూ అయినా లీకే. ఆగస్టులో మిద్దె మీదికి ఎక్కితే 48 డిగ్రీలు, అవుట్‌డోర్ యూనిట్ పక్కన ఇంకా ఎక్కువ. అంత ఎండలో 410ఏ మిషన్లు ఆర్-22 వాటికన్నా ఎక్కువ డీలా పడతాయి. ఆ గ్యాసు గుణమే అంత, బయట వేడి బాగా పెరిగితే కూలింగ్ తగ్గి కరెంటు ఎక్కువ లాగుతుంది. మా ఈజిప్టు ఫోర్‌మన్ ప్రతి వేసవిలో తిట్టేవాడు, ఇది చలి దేశాలవాళ్లు చలి దేశాల కోసం చేసుకున్న గ్యాసు, మన నెత్తిన ఎందుకు పెట్టారని. సరిగ్గా ఇదే మాట తర్వాత గల్ఫ్ దేశాలు అంతర్జాతీయ చర్చల్లో గట్టిగా మాట్లాడాయి. అంత ఎండలో పనిచేసే బదులు గ్యాసు చూపించండి, అప్పుడు గడువు మాట్లాడదాం అన్నాయి.

2016లో మా క్యాంపు రూమ్‌లో మేం తెలుగువాళ్లం, ఇద్దరు మలయాళీలు, పెషావర్ వైపు నుంచి ఇద్దరు పాకిస్తానీలు. సెప్టెంబరు 18న ఉరీ దాడి, 29న మన సైన్యం సర్జికల్ స్ట్రైక్స్. రూమ్‌లో టీవీ పెట్టాలంటేనే టెన్షన్. ఒకే గిన్నెలో వండుకునే వాళ్లం కొన్నాళ్లు ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని మూలకి పోయాం. అప్పుడే, రెండు వారాలు గడిచేసరికి, అక్టోబరు 15న రువాండా రాజధాని కిగాలీలో, రాత్రంతా మాట్లాడుకుని తెల్లవారాక హెచ్‌ఎఫ్‌సీల తగ్గింపు మీద దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందంలో భారత్, పాకిస్తాన్ రెండూ ఒకే గుంపు. ఇరాన్, ఇరాక్, సౌదీ, ఎమిరేట్స్, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ కూడా అందులోనే. సరిహద్దులో కాల్పులు జరుగుతున్నా గ్యాస్ గడువు దగ్గర అందరి అవసరం ఒక్కటే. దేశాలు కలవాలంటే ముందు శత్రుత్వాలు పోవాలని ఎవరైనా అంటే నాకు ఆ నెల గుర్తొస్తుంది.

కిగాలీలో కూడా తేదీలు అందరికీ ఒకటి కాదు. ధనిక దేశాలు 2019 నుంచే తగ్గించడం మొదలుపెట్టి 2036కల్లా 85 శాతం తగ్గించాలి. చైనాతో పాటు చాలా దేశాలు 2024 నుంచి వాడకం పెంచకూడదు, 2045కల్లా 80 శాతం తగ్గించాలి. మన గుంపు 2028 దాకా ఆగొచ్చు, 2047కల్లా 85 శాతం తగ్గించాలి. మన దేశం మొదట ఇంకా ఎక్కువ గడువు అడిగి, బేరాల తర్వాత 2028కి దిగింది. బాగా ఎండలుండే కొన్ని దేశాలకు ప్రత్యేక సడలింపు కూడా ఇచ్చారు. ఇదంతా అనుకున్నట్టు జరిగితే ఈ శతాబ్దం చివరికి అర డిగ్రీ దాకా వేడి పెరగకుండా ఆగుతుందని అంచనా. వాతావరణ మార్పు మీద కుదిరిన పారిస్ ఒప్పందంలో, వేడి పెరుగుదలని ఒకటిన్నర డిగ్రీల దగ్గర ఆపాలా రెండు దగ్గర ఆపాలా అని ఎంత కొట్లాట జరుగుతోందో చూస్తే అర డిగ్రీ విలువ తెలుస్తుంది.

మన దేశం 2021లో కిగాలీని ఆమోదించింది. 2022లో అమెరికా సెనేట్ రెండు పార్టీల ఓట్లతో ఆమోదించింది. పారిస్ నుంచి ఒకసారి బయటికి వెళ్లి, మళ్లీ వచ్చి, 2025లో మళ్లీ వెళ్తామని ప్రకటించిన దేశమే ఇది. తేడా ఎక్కడుందంటే, కొత్త గ్యాసులు, కొత్త మిషన్లు చేసే వాళ్ల కంపెనీలే ఇది కావాలని అడిగాయి.

సంతకాలు పెట్టాక ఎవడో ఒకడు దొంగచాటుగా చెయ్యడా అంటే, చేశారు కూడా. ఆర్-11 అనే సీఎఫ్‌సీ గ్యాసు 2010కల్లా ప్రపంచమంతటా ఆగిపోవాలి. గాలిలో దాని పరిమాణం తగ్గుతూ రావాల్సిన వేగంతో తగ్గడం లేదని, 2012 తర్వాత ఎవరో మళ్లీ తయారుచేస్తున్నారని 2018లో అమెరికా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. హవాయిలోని మౌనా లోవా లాంటి చోట్ల గాలిని ఏళ్లతరబడి కొలుస్తూ ఉండటం వల్ల పట్టుబడింది. మరుసటి ఏడాది కొరియా, జపాన్ దీవుల్లోని కేంద్రాల లెక్కలతో అది ఎక్కువగా తూర్పు చైనాలోని షాన్‌డాంగ్, హెబే రాష్ట్రాల నుంచి వస్తోందని తేలింది. ఫోమ్ తయారీలో వాడుతున్నారు. చైనా ప్రభుత్వం తనిఖీలు, దాడులు చేసింది. తర్వాత లెక్కలు మళ్లీ కిందికి దిగాయి. ఒప్పందం అంటే నమ్మకం మీద నడిచేది కాదు, గాలిని కొలిచేవాడు ఒకడు ఎప్పుడూ ఉండాలి. ఓజోన్ పొర 2040 ప్రాంతానికి చాలా చోట్ల, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని 2023లో ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది.

డబ్బు పెడితే చాలు అని మాత్రం అనను. డబ్బు తప్పుగా పెట్టిన కథ కూడా ఉంది. ఆర్-22 తయారుచేసేటప్పుడు హెచ్‌ఎఫ్‌సీ-23 అనే ఉప గ్యాసు వస్తుంది. వేడి విషయంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 14,800 రెట్లు. దాన్ని కాల్చేసిన ఫ్యాక్టరీలకు క్యోటో పద్ధతిలో కార్బన్ క్రెడిట్లు, అంటే కాలుష్యం తగ్గించినందుకు ఇచ్చే, అమ్ముకోగల పత్రాలు ఇచ్చారు. కాల్చే ఖర్చు కొంచెం, క్రెడిట్ల మీద వచ్చేది బోలెడు. కాల్చడానికే ఎక్కువ తయారుచేస్తున్నారన్న ఆరోపణలు వచ్చాక 2013లో యూరప్ ఆ క్రెడిట్లను నిషేధించింది. చివరికి 2016లో మన ప్రభుత్వం, మీ ఖర్చుతో మీరే కాల్చండని ఫ్యాక్టరీలకు ఆదేశం ఇచ్చింది. ఆ పని మొదటే చేసి ఉండొచ్చు.

ఇప్పుడు పారిస్ సంగతికి వద్దాం. 2015లో కుదిరిన ఆ ఒప్పందంలో ఏ దేశం లక్ష్యం ఆ దేశమే రాసుకుంటుంది. తప్పితే అడిగేవాడు లేడు. బయట ఉన్నవాడికి వ్యాపారంలో నష్టం లేదు. డబ్బు మాట చూస్తే, 2020 నుంచి పేద దేశాలకు ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు ఇస్తామని 2009లో కోపెన్‌హేగన్‌లో ధనిక దేశాలు చెప్పి, 2022లో గానీ ఆ మొత్తానికి చేరలేదు. 2024లో బాకూ వాతావరణ సదస్సులో 2035కల్లా ఏడాదికి 30,000 కోట్ల డాలర్లు అన్నారు. అది ఏ మూలకూ రాదని మన ప్రతినిధి ఆ సభలోనే అభ్యంతరం చెప్పింది. గ్యాసుల నిధిలా, సగం ఓట్లు మన చేతిలో ఉన్న నిధి అయితే ఈ గొడవ ఇంకోలా ఉండేది.

కానీ బొగ్గుని గ్యాసు సిలిండర్‌తో పోల్చి, అలా చేస్తే ఇదీ అయిపోతుందని అంటే నేను ఒప్పుకోను. సీఎఫ్‌సీలు తయారుచేసే ఫ్యాక్టరీలు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కంపెనీలవే. బదులు గ్యాసు చేతిలో ఉంది. బొగ్గు అలా కాదు. నేను బిగించే ఏసీలు నడిచేది రామగుండం లాంటి చోట్ల బొగ్గు కాల్చి చేసిన కరెంటుతో. మా చుట్టాల్లో సింగరేణి జీతం మీద పిల్లల్ని చదివించుకున్న ఇళ్లున్నాయి. 2047కల్లా 85 శాతం తగ్గించండని వాళ్ల ముందు ఒక కాగితం పెట్టే ధైర్యం ఏ పార్టీకి ఉంది? అందుకే అన్నిటినీ ఒకే పెద్ద ఒప్పందంలో కుక్కడం కన్నా ముక్కలు ముక్కలుగా, ఉక్కుకి ఒకటి, సిమెంటుకి ఒకటి, ఓడలకి ఒకటి అని కిగాలీ పద్ధతిలో పోవడమే దారి అని నాకనిపిస్తుంది. అదీ సులువు కాదు. ఓడల పొగకి ధర కట్టే ఒప్పందం 2025 అక్టోబరులో లండన్‌లో ఓటింగ్ దాకా వచ్చి, అమెరికా ఒత్తిడితో ఏడాది వాయిదా పడింది.

ఇలాంటి ప్రశ్నల కింద ఎప్పుడూ కనబడే మాట ఒకటుంది: ముందు అమెరికా, చైనా మారమనండి, మనదేముంది అని. సగం నిజం. ఒక అమెరికన్ ఏడాదికి సగటున 14 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వదిలితే మనవాడు సుమారు 2 టన్నులు. కానీ ఒకటిన్నర టన్ను ఏసీలో ఇంచుమించు కిలో గ్యాసు ఉంటుంది. పాత ఆర్-22 గానీ 410ఏ గానీ ఆ కిలో గాలిలోకి వదిలితే సుమారు 2 టన్నులు, అంటే మనవాడి ఏడాది లెక్క నట్టు విప్పిన రెండు నిమిషాల్లో పోయింది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 అయితే ఇందులో మూడో వంతే. గోద్రెజ్ తెచ్చిన ఆర్-290 ఏసీల్లో ఉండేది దాదాపు మామూలు ప్రొపేన్, 410ఏతో పోలిస్తే దాని వేడి లెక్కలోకే రాదు. కాకపోతే అంటుకుంటుంది. దాని దగ్గర బ్రేజింగ్, అంటే మంటతో పైపు అతకడం, చెయ్యాలంటే మా కుర్రాళ్లు ఇప్పటికీ భయపడతారు, ఆ భయం మంచిదే.

కొత్త ఏసీల్లో ఆర్-22 నింపడం మన దేశంలో 2024 చివరితో ఆగిపోయింది. కానీ ఇళ్ల మీద ఉన్న పాత మిషన్లు ఇంకా ఏళ్లపాటు నడుస్తాయి. వాటిలోని గ్యాసు ఎక్కడికి పోతుందన్నది ఏ సదస్సూ కాదు, మాలాంటి వాళ్లే తేలుస్తారు. పాత గ్యాసుని గాలిలోకి వదలకుండా లాగి సిలిండర్‌లో పట్టుకునే రికవరీ మిషన్ ఉంది, నా దగ్గరా ఉంది. ఒక్కో ఏసీకి అదనంగా చాలాసేపు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒక ఇంట్లో ఉండగానే మరో నాలుగు ఇళ్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి, ఆ టైముకి డబ్బిచ్చే కస్టమర్ లేడు. సగం మంది అయితే లీకు వెతకొద్దు, గ్యాస్ కొట్టి వెళ్లిపో అంటారు. ఈ ఒప్పందం అమలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం, ఓజోన్ సెల్ తరఫున మెకానిక్‌లకు ట్రైనింగ్ ఇస్తున్నారు, మా షాపు కుర్రాళ్లని పంపాను, బాగా నేర్పారు. అంటే ఆ మాంట్రియల్ నిధి డబ్బు నిజామాబాద్ కుర్రాడి చేతి దాకా వచ్చింది. కానీ అతను పట్టుకున్న పాత గ్యాసు తీసుకుని శుద్ధి చేసే చోటు మా దగ్గర్లో లేదు, కిలోకి ఇంత ఇస్తామనేవాళ్లూ లేరు. పాత బ్యాటరీ ఇస్తే తూకం వేసి డబ్బిస్తారు, అలాగే దీనికీ జిల్లాకొక చోటు పెట్టి కిలోకి ఒక రేటు కడితే మెకానిక్ ఎవడూ గ్యాసు గాలిలోకి వదలడు. 2028 దగ్గరికొస్తోంది, ఆ లోపు మన రాష్ట్రాలు రెండూ చెయ్యగలిగిన పని ఇది. అంతదాకా మీ ఇంటికి మెకానిక్ వస్తే, గ్యాస్ నింపే ముందు లీకు ఎక్కడో చూపించమని అడగండి. విసుక్కుంటాడు, అయినా అడగండి.